బ్యాంకులో పడ్డదే అమ్మకం కాదు

పన్నులు – పద్దులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఇంట్లో నుంచే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లవి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం. కింద చెప్పిన రేట్లు, పరిమితులు 2025–26 ఆర్థిక సంవత్సరం లెక్కలకు వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. ఆ ముందు ఏడాది లెక్కలకు మాత్రం పాత చట్టమే కాబట్టి పాత నంబర్లే వాడాం.

ప్రశ్న: గద్వాల, నారాయణపేట చీరలు రెండు వెబ్‌సైట్లలో అమ్ముతాను. జీఎస్టీ నంబరు ఉంది. ఏడాది మొత్తానికి బ్యాంకు ఖాతాలో 12 లక్షల చిల్లర పడింది. దాన్నే అమ్మకం కింద రాసుకున్నాను. ఆడిటర్ గారు ఏఐఎస్ (ఆదాయపు పన్ను శాఖ మన పాన్ మీద చూపే వార్షిక సమాచార పత్రం) తీసి 14 లక్షలు కనబడుతోంది అంటున్నరు. నేను అమ్మని రెండు లక్షలు ఎక్కడి నుంచి వచ్చినయి?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: ఆ రెండు లక్షలు మీరు అమ్మినవే. మీ చేతికి రాకముందే ఖర్చయిపోయాయి, అంతే. ఒక్క చీర లెక్క విప్పి చూస్తే తెలిసిపోతుంది.

గిరాకీ కట్టింది 2,100 రూపాయలు అనుకుందాం. చీర మీద జీఎస్టీ 5 శాతం. అంటే చీర ధర 2,000, పన్ను 100. వెబ్‌సైట్ వాళ్లు కమీషన్ 200 పట్టుకున్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36. రవాణా, వసూలు ఖర్చుల కింద 110, దాని మీద జీఎస్టీ 19.80. ఇవి కాక 2,000 మీద జీఎస్టీ టీసీఎస్ (వెబ్‌సైట్ వాళ్లు ముందే పట్టుకుని మీ పేరున ప్రభుత్వానికి కట్టేది) 0.5 శాతం, అంటే 10 రూపాయలు. అట్లాగే ఆదాయపు పన్ను కింద ముందే పట్టే టీడీఎస్ 0.1 శాతం, అంటే 2 రూపాయలు. అన్నీ కలిపితే 377.80. మీ ఖాతాలో పడేది 1,722.20.

మీరు పుస్తకంలో 1,722.20 అమ్మకం అని రాశారు. వెబ్‌సైట్ వాళ్లు ప్రభుత్వానికి 2,000 అని చెప్పారు. ఇద్దరి మాటా ఒకే పాన్ మీద పక్కపక్కన కనబడుతుంది. నోటీసు వచ్చేది అక్కడే.

రాయాల్సిన తీరు ఇది: అమ్మకం 2,000 జమ, జీఎస్టీ 100 కట్టాల్సిన బాకీ, కమీషన్ 200 ఖర్చు, రవాణా 110 ఖర్చు. 36, 19.80 కలిపి 55.80 ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోగలిగిన పన్ను. టీసీఎస్ 10, టీడీఎస్ 2 మాత్రం ఖర్చులు కావు, మీ పేరున ప్రభుత్వం దగ్గర ఉన్న పైసలు. చీరను జీఎస్టీ లేని నేత కుటుంబం దగ్గర కొన్నారనుకుంటే కొనుగోలు మీద క్రెడిట్ రాదు. అప్పుడు కట్టాల్సిన 100లో 55.80 క్రెడిట్ పోను 44.20 మిగులుతుంది. అందులో టీసీఎస్ 10 సర్దుకుంటే చేతి నుంచి పెట్టాల్సింది 34.20. అమ్మకాన్ని 1,722.20గా రాసుకుంటే ఈ 55.80, ఈ 12 రూపాయలు మీ లెక్కలోకే రావు. పన్ను ఎగ్గొట్టారన్న మాటా పడుతుంది, రావాల్సిన పైసలూ పోతాయి.

ఇందులో రెండు చోట్ల ఎక్కువమంది తప్పుతారు. టీసీఎస్ తనంతట తాను మీ క్యాష్ లెడ్జర్‌లోకి (జీఎస్టీ పోర్టల్‌లో మీ పేరున ఉండే నగదు ఖాతాలోకి) రాదు. వెబ్‌సైట్ వాళ్లు తర్వాతి నెల 10వ తేదీలోపు జీఎస్టీఆర్-8 అనే టీసీఎస్ రిటర్ను వేస్తారు. ఆ తర్వాత మీరు జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ పేజీ తెరిచి, ఒక్కో పద్దు అంగీకరించి, ఫైల్ చేయాలి. అప్పుడే జమ అవుతుంది. ఏళ్ల తరబడి అది తెరవనివాళ్లున్నారు. రెండోది, అమ్మకపు ఖాతా ప్రొఫైల్‌లో మీ జీఎస్టీ నంబరు సరిగా ఎక్కకపోతే కమీషన్ బిల్లు మీ నంబరు మీద రాదు, ఆ 55.80 మీ జీఎస్టీఆర్-2బిలో (మీకు వచ్చే క్రెడిట్‌ను పోర్టల్ చూపే పట్టికలో) కనబడదు. నంబరులో ఒక్క అక్షరం తప్పున్నా ఇదే గతి.

తేదీల విషయం కూడా చూసుకోండి. మార్చి ఆఖరి వారం పంపిన చీరల పైసలు ఏప్రిల్‌లో పడతాయి. అమ్మకం మాత్రం మార్చిదే. బిల్లు తేదీని బట్టి రాయాలి, బ్యాంకు తేదీని బట్టి కాదు.

నెలకు ఒకరోజు పెట్టుకోండి. 10వ తేదీ దాటాక ఏదో ఒక సాయంత్రం చాలు. రెండు వెబ్‌సైట్ల నుంచి నాలుగేసి ఫైళ్లు దించుకోవాలి: అమ్మకాల పన్ను రిపోర్టు, సెటిల్‌మెంట్ రిపోర్టు, కమీషన్ బిల్లులు, వాపసుల రిపోర్టు. వీటితోపాటు ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్. సెటిల్‌మెంట్ రిపోర్టులో చివరన ఉండే మొత్తం, బ్యాంకులో పడ్డ మొత్తం రూపాయి తేడా లేకుండా కలవాలి. కలిస్తే ఆ నెల పని అయిపోయినట్టే. తేడా వస్తే సాధారణంగా అది ప్రకటనల ఖర్చు కోత, లేదంటే పాత నెల వాపసు.

ప్రశ్న: నకిరేకల్ నిమ్మకాయలతో పచ్చడి పెట్టి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్న. ఏడాదికి 6 లక్షల దాకా అవుతది. 40 లక్షల లోపు జీఎస్టీ అక్కర్లేదని వీడియోలల్ల చెప్తున్నరు. హైదరాబాద్‌కే ఎక్కువ పోతయి గని బెంగళూరు, పుణెలకు కూడ పార్సిళ్లు పంపుత. పైసలన్ని నా ఫోన్‌పేకే వస్తయి. ఏమన్న రాసిపెట్టుకోవాల్నా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఆ వీడియోలు మన రాష్ట్రం గురించి చెప్పినవి కావు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలే. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆ 20 లక్షల్లో పచ్చళ్ల పైసలొక్కటే కాదు, మీ పాన్ మీద షట్టర్ కిరాయి లాంటిది ఏదైనా వస్తుంటే అదీ కలుస్తుంది.

మీకు అసలు చిక్కు 20 లక్షలు కాదు, బెంగళూరు పార్సిల్. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. విదేశాల్లో ఉన్న పిల్లల స్నేహితులకు అమ్మి పంపే డబ్బాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి రెండు దారులు: తెలంగాణ లోపలే అమ్ముకుంటూ 20 లక్షల వరకు నమోదు లేకుండా ఉండటం, లేదా నమోదు చేసుకుని ఎక్కడికైనా పంపటం. చిన్న వ్యాపారులు అమ్మకం మీద 1 శాతం కట్టే కాంపోజిషన్ పథకం మీకు పనికిరాదు. అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. రేపు పెద్ద వెబ్‌సైట్లలో పెట్టాలనుకున్నా, తెలంగాణ లోపలి గిరాకీలకే అయితే 2023 అక్టోబర్ 1 నుంచి చిన్నవాళ్లకు నమోదు తప్పనిసరి కాదు. పోర్టల్‌లో పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే సరిపోతుంది.

రాసిపెట్టుకోవటం మాత్రం ఏ దారిలోనైనా తప్పదు. ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. తేదీ, వరుస నంబరు, ఊరు, రాష్ట్రం, ఏ పచ్చడి ఎన్ని కిలోలు, పచ్చడి ధర, కొరియర్‌కు తీసుకున్నది, యూపీఐ 12 అంకెల రిఫరెన్సులో చివరి నాలుగు, కొరియర్ రసీదు నంబరు. ఒక్కో ఆర్డరు ఒక్కో వరుస. కొరియర్ పైసలు మీ దగ్గర నిలవవు కదా అని వదిలేయకండి. పచ్చడికి 600, పార్సిల్‌కు 120 తీసుకుంటే మీ అమ్మకం 720. నమోదు ఉంటే పన్ను కూడా 720 మీదే. కొరియర్ రసీదు ఖర్చుకే కాదు, సరుకు ఏ రాష్ట్రానికి పోయిందో చెప్పే సాక్ష్యం కూడా.

నమోదు ఉన్నవాళ్లు 2025–26 లెక్కల్లో ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కాబట్టి నోటుబుక్కులో సెప్టెంబర్ 21 కింద ఒక గీత గీసి అక్కడికి మొత్తం వేసుకోండి. ఏడాది మొత్తానికి ఒకే రేటు వేస్తే ఎటు చూసినా తప్పే.

ఇక ఫోన్‌పే. అందులో పచ్చడి పైసలూ, తమ్ముడు తిరిగిచ్చిన ఉద్దెరా, చిట్టీ ఎత్తిన పైసలూ అన్నీ ఒకేచోట పడుతుంటే బయటివాళ్లకు అదంతా అమ్మకంలాగే కనబడుతుంది. 2025లో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు చాలామందికి ఎదురైన తిప్పలు ఇవే: ఏది బేరం, ఏది ఇంటి సొమ్ము అని ఒక్కో జమనూ విడదీసి చెప్పాల్సి రావటం. వ్యాపారానికి వేరే ఖాతా, దానికి వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఇంటి ఖర్చుకు కావాల్సింది నెలకోసారి అందులోంచి మీ సొంత ఖాతాకు పంపుకుని ‘సొంత వాడకం’ అని రాసుకోండి. యాప్‌లో కనబడే చరిత్ర మీద ఆధారపడవద్దు, ఫోన్ మారిస్తే ఎంత మిగులుతుందో చెప్పలేం. బ్యాంకు స్టేట్‌మెంటే అసలు కాగితం.

ప్రశ్న: టర్నోవర్‌లో 6 శాతం లాభం చూపిస్తే పుస్తకాలు అక్కర్లేదు, బిల్లులు పారేసుకోవచ్చు అన్నాడు మా మిత్రుడు. నిజమేనా? మాది ఫోన్ కవర్లు, ఛార్జర్ల వ్యాపారం, 18 లక్షల దాకా టర్నోవర్.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మొదటి మాట నిజం, రెండోది కాదు. సెక్షన్ 44ఏడీ కింద బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకం మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపవచ్చు. మీ 18 లక్షల్లో 15 లక్షల 50 వేలు బ్యాంకు ద్వారా, 2 లక్షల 50 వేలు నగదుగా వచ్చాయనుకుంటే 93,000, 20,000 కలిపి 1,13,000. ఇది కనీసం. అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. గిరాకీ డెలివరీ అబ్బాయికి నగదు ఇచ్చినా వెబ్‌సైట్ నుంచి మీకు బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి అది 6 శాతం వైపే. దుకాణంలో చేతికి తీసుకున్నదే 8 శాతం.

అయితే ఆ 18 లక్షలు 18 లక్షలే అని ఎట్లా చూపిస్తారు? నగదు ఎంత, బ్యాంకు ఎంత అని ఎట్లా విడదీస్తారు? లాభం లెక్కకు పుస్తకాలు అక్కర్లేదన్నారే తప్ప అమ్మకానికి రుజువు అక్కర్లేదనలేదు. పైగా జీఎస్టీ నమోదు ఉంటే కొనుగోళ్లు, అమ్మకాలు, నిల్వ, క్రెడిట్ లెక్కలు విడిగా ఉంచాల్సిందే. ఆదాయపు పన్నులో దొరికిన వెసులుబాటు జీఎస్టీకి చెల్లదు.

ఒకసారి ఈ దారి పట్టి మధ్యలో ‘ఈ ఏడు నష్టం వచ్చింది’ అని 6 శాతం కంటే తక్కువ చూపితే తర్వాత అయిదేళ్లు ఈ వెసులుబాటు ఉండదు. మొత్తం ఆదాయం పన్ను పడని పరిమితి దాటితే పుస్తకాలు రాయటం, ఆడిట్ కూడా నెత్తిన పడతాయి. ఛార్జర్ల వంటి సరుకులో వాపసులు, పాడైన నిల్వ ఎక్కువ కాబట్టి నష్టం ఏడాది రాదన్న భరోసా లేదు. బిల్లులు ఉంచుకున్నవాడికి అప్పుడు ఒక దారి ఉంటుంది.

వేరేవాళ్ల సరుకు లింకులు పంపి కమీషన్ మాత్రమే తీసుకునే రీసెల్లర్లు కొందరు ఇదే ప్రశ్న అడిగారు. కమీషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు.

కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కదా, రిటర్ను ఎందుకు అనేవాళ్లకు: మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. అంతకు తక్కువైనా, వెబ్‌సైట్ వాళ్లు పట్టిన టీడీఎస్ వెనక్కి రావాలంటే రిటర్ను వేయటం తప్ప వేరే దారి లేదు. వెబ్‌సైట్ల ద్వారా అమ్మకం ఏడాదికి 5 లక్షలు దాటని వ్యక్తులకు, పాన్ ఇచ్చి ఉంటే, ఆ టీడీఎస్ పట్టరు. పాన్ ఇవ్వకపోతే 0.1 శాతం కాస్తా 5 శాతం అవుతుంది.

ప్రశ్న: పిల్లల బట్టలు అమ్ముతాం. నూరు పార్సిళ్లు పోతే ఇరవై దాకా తిరిగి వస్తున్నాయి. ఇవి ఎట్లా రాయాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: తిరిగి వచ్చినవి రెండు రకాలు, రెండింటినీ ఒకే గంపలో వేయకండి. గిరాకీ తీసుకోకుండానే వెనక్కి వచ్చింది ఒకటి. తీసుకుని, తొడిగి చూసి, వాపసు పంపింది ఇంకొకటి. రెండింటికీ మొదట బిల్లు అయి ఉంటుంది కాబట్టి రెండింటికీ క్రెడిట్ నోటు (ఆ బిల్లు సొమ్మును తగ్గించే కాగితం) ఉండాలి. వెబ్‌సైట్లు దాన్ని తామే తయారు చేస్తాయి, మీరు దించుకుంటే చాలు. సొంతంగా అమ్మినవాటికి మీరే రాయాలి: నోటు నంబరు, తేదీ, ఏ బిల్లుకు సంబంధించినదో ఆ నంబరు, సొమ్ము, పన్ను. 2025–26 అమ్మకాల క్రెడిట్ నోట్లను 2026 నవంబర్ 30 దాటకుండా జీఎస్టీ రిటర్నులో చూపాలి. ఆ గడువు దాటితే కట్టిన పన్ను తగ్గించుకోలేరు.

పార్సిల్ ఇంటికి చేరినరోజే ఒక రిజిస్టరులో రాయండి. ఆర్డరు నంబరు, కొరియర్ నంబరు, వచ్చిన తేదీ, లోపల ఉన్నది మీ సరుకేనా, మళ్లీ అమ్మటానికి పనికొస్తుందా. ఈ చివరి గడి చాలామంది పెట్టరు. కొత్త గౌను పోయి పాత చొక్కా వచ్చిందనుకోండి, విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటేనే క్లెయిమ్ నిలబడుతుంది. క్లెయిమ్ కింద వచ్చిన సొమ్మును అమ్మకంలో కలపకండి, విడిగా రాయండి. మరక పడి పనికిరాని బట్టలను ‘నష్టపోయిన నిల్వ’ అని తేదీతో రాసి నిల్వలోంచి తీసేయాలి. అట్లా తీసేసిన సరుకు మీద వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలన్నది కూడా నియమమే.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవటానికి ఒక చిట్కా. వెబ్‌సైట్ వాళ్లు జీఎస్టీ టీసీఎస్‌ను వాపసులు తీసేసిన నికర అమ్మకం మీద కడతారు. 2024 జూలై 10 నుంచి రేటు 0.5 శాతం కాబట్టి పోర్టల్‌లో కనబడే నెల టీసీఎస్‌ను 200తో గుణిస్తే పన్ను లేని నికర అమ్మకం వస్తుంది. టీసీఎస్ 410 కనబడితే ఆ నెల నికర అమ్మకం 82,000. మీ రిజిస్టరులో 96,000 ఉందంటే ఏవో వాపసులు మీరు ఎక్కించలేదు. 71,000 ఉందంటే అమ్మకాలే మరిచారు. ఆదాయపు పన్ను టీడీఎస్‌ను 1,000తో గుణించి కూడా చూడొచ్చు గానీ వాపసుల సర్దుబాటు అందులో వెనకాముందు అవుతుంది, అది పక్కాగా కలవకపోతే కంగారుపడొద్దు.

ప్రశ్న: పుట్టపాక, పోచంపల్లి నేత కుటుంబాల దగ్గర నేరుగా కొంటాను. వాళ్లు బిల్లు ఇవ్వరు. కొనుగోలు ఎట్లా చూపాలి?
– ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: బిల్లు లేనప్పుడు మీరే కొనుగోలు వోచరు రాసి వాళ్లతో సంతకం పెట్టించుకోండి. తేదీ, పేరు, ఊరు, ఫోను, ఎన్ని చీరలు, రకం, ఒక్కోటి ఎంత, మొత్తం, ఎట్లా చెల్లించారు. వరుస నంబర్లు అచ్చువేసిన వోచరు పుస్తకం మంచిది, మధ్యలో కాగితం చింపితే తెలిసిపోతుంది. దీని మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, ఖర్చుగా చెల్లుతుంది.

పూర్తి పుస్తకాలు రాసేవాళ్లకు ఒకరికి ఒకరోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదన్న నిబంధన ఉంది. కరెంటు వాడకుండా కుటీర పరిశ్రమలో తయారైన సరుకును తయారుచేసిన వాళ్ల దగ్గరే కొంటే దానికి మినహాయింపు ఉంది. చేతి మగ్గం మీద నేసిన మనిషికి ఇచ్చిన నగదు అందులోకి వస్తుంది. మధ్యలో ఉన్న వ్యాపారికి ఇచ్చింది రాదు. అందుకే వోచరు మీద ‘చేతి మగ్గం, సొంత నేత’ అని రాయించుకోవటం ముఖ్యం. యూపీఐలో ఇస్తే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: కొరియర్ రసీదులు, ప్యాకింగ్ సామాను బిల్లులు ఆరు నెలల్లోనే తెల్లకాగితాలు అయిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అది వేడికి నల్లబడే పూత ఉన్న థర్మల్ కాగితం. సిరా ఉండదు. ఎండకు, వేడికి, ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఇంకా తొందరగా వెలిసిపోతుంది. వచ్చినరోజే ఫోటో తీయండి, పెద్ద మొత్తాలవి జిరాక్స్ తీసి దాంతో కలిపి పిన్ను కొట్టండి. లామినేషన్ మాత్రం వద్దు, ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా అయిపోతుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎన్నేళ్లు దాచాలి? కంప్యూటరులో ఉంటే చాలదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2025–26 వార్షిక రిటర్ను గడువు 2026 డిసెంబర్ 31. అంటే 2032 డిసెంబర్ 31 దాకా. ఆదాయపు పన్ను కోసం కూడా చూసుకుని 2033 మార్చి ఆఖరు దాకా కట్ట విప్పకండి. కేసో, అప్పీలో నడుస్తుంటే అది తేలేదాకా.

కంప్యూటరులో ఉంచటం చెల్లుతుంది. కానీ వెబ్‌సైట్ ఖాతాలో ఉన్నది మీ దగ్గర ఉన్నట్టు కాదు. పాత రిపోర్టులు కొంతకాలానికి దొరకవు, ఖాతా ఆగిపోతే ఏదీ తెరుచుకోదు. నెలనెలా దించుకుని, పేరులో ముందు ఏడాది, తర్వాత నెల వచ్చేట్టు పెట్టండి: ‘2026-01-సెటిల్‌మెంట్’. ఇట్లా పెడితే ఫైళ్లు వాటంతట అవే వరుసలో ఉంటాయి. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి ఇంటర్నెట్ నిల్వలో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో.

ప్రశ్న: సరుకును వెబ్‌సైట్ వాళ్ల గోదాములోనే పెడితే తొందరగా అమ్ముడవుతుందంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

జవాబు: తెలంగాణలోని గోదామైతే దాన్ని మీ జీఎస్టీ నమోదులో అదనపు వ్యాపార స్థలంగా చేర్చాక పెట్టండి. వేరే రాష్ట్రం గోదామైతే ఆ రాష్ట్రంలో విడిగా జీఎస్టీ నంబరు కావాలి, మీ సరుకు మీరే అక్కడికి పంపుకున్నా పన్నుతో బిల్లు వేయాలి, రెండు నంబర్లకూ రిటర్నులు వేయాలి. అమ్మకం లేని కాలానికి నిల్ రిటర్ను ఆలస్యమైనా రోజుకు 20 రూపాయలు పడుతుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారానికి రెండో రాష్ట్రం గోదాము వద్దనే మా సలహా.